కూజా అడుగున గీతలు

కోల్మన్ ఆ డికాంటర్‌ని తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు. వైన్ పోసుకునే పాతకాలపు గాజు కూజా అది. ఐర్లండ్‌లోని కార్క్ ఊరి వేలంశాలలో పాత గాజు వయసు తేల్చడం డెర్వ్లా ఉద్యోగం. ఆమె కూజా మెడ మీది మూడు వలయాలు తడిమింది. తర్వాత తిరగేసి, భూతద్దంలోంచి అడుగు చూసి నవ్వింది.

ఆ నవ్వుకి కోల్మన్‌కి ధైర్యం వచ్చింది. "రెండొందల ఏళ్ళ నాటిది కదండీ!"

"కాదండీ. మీ నానమ్మగారి కంటే చిన్నది."

"ఏంటి?"

"వాడగా వాడగా పడిన గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి. ఇవన్నీ ఒకే వైపుకి ఉన్నాయి. పాతదిలా కనబడాలని ఎవరో ఉప్పు కాగితంతో రుద్దారు."

"ఆదివారం మా నానమ్మ దీన్ని మ్యూజియంకి ఇస్తోందండీ. ఊరంతా వస్తుంది. అసలుదేనని ఒక్క కాగితం రాసిస్తే..."

"రాయను."

"మీకు మనసు లేదా?"

"ఉంది. భూతద్దం కూడా ఉంది."

ఇక ఈ గుమ్మం తొక్కనని ఒట్టేసుకుని వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే ఒక వైన్ గ్లాసుతో వచ్చాడు. ఆ మర్నాడు ఉప్పు గిన్నె తెచ్చాడు. గురువారం వెనిగర్ సీసా.

"దీని వయసెంతండీ?"

"సీసా మీదే తారీఖుంది. వచ్చే మార్చి దాకా వాడుకోవచ్చు." డెర్వ్లా పెదవి కొరుక్కుంది. "మీరు నిజంగా కాగితం కోసమే వస్తున్నారా?"

"ఇంకెందుకూ?" అన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

శుక్రవారం ఆమే బయల్దేరింది, పెద్దావిడకి స్వయంగా చెబుతానని. "మెల్లగా చెప్పండి, ఆవిడ గుండె తట్టుకోలేదు," అని దారంతా బతిమాలాడు కోల్మన్.

నానమ్మ హానొరా అంతా విని, రొట్టెకి వెన్న రాస్తూ, "రుద్దింది నేనే," అంది.

కోల్మన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అసలుది పెళ్ళైన మూడో వారమే నా చేతిలోంచి జారింది. అత్తగారు ఊరెళ్ళింది. తిరిగొచ్చేలోగా కొత్తది కొని, పెరట్లో కూర్చుని రుద్దాను. పోయేదాకా ఆవిడ దాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయింది. ఇక నిజం చెప్పే దమ్మెక్కడిది నాకు!"

"మరి మ్యూజియంకి ఎందుకిస్తున్నావే?"

"ఇంట్లో ఉంటే ఎప్పుడో ఎవడో తిరగేస్తాడు. అద్దాల పెట్టెలో పెడితే అడుగు ఎవడికి కనబడుతుందిరా!"

డెర్వ్లా కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది.

"అరవై ఏళ్ళలో దాన్ని తిరగేసింది నువ్వొక్కదానివే, అమ్మాయీ," అంది హానొరా. "వీడు వారం రోజులుగా నీ పేరే జపిస్తున్నాడు. వీణ్ణి కూడా తిరగేసి బాగా చూసుకో. లోపాలుంటే ఇప్పుడే చెప్పు. తర్వాత వాపసు తీసుకోను."

"నానమ్మా!"

"అరవకు. గుట్టు ఎలాగూ బయటపడింది, రేపు ఇద్దరూ వెళ్ళి మ్యూజియంలో నిజం చెప్పి రండి. నాకు మొహం చెల్లదు."

శనివారం మ్యూజియంలో పెద్దాయన అంతా విని పొట్ట పట్టుకుని నవ్వాడు. అత్తాకోడళ్ళ కథ రాసిస్తే నకిలీగానే చూపిస్తామని చెప్పి, కూజా ఉంచుకున్నాడు.

బయట వాన. ఉన్నది ఒక్క గొడుగు, అదీ డెర్వ్లాది.

"రేపు మళ్ళీ రావాలంటే ఇంట్లో గాజు సామానేమీ మిగల్లేదండీ," అన్నాడు కోల్మన్.

"అయితే?"

"ఉత్త చేతులతో రావచ్చా?"

డెర్వ్లా గొడుగు ముడి విప్పింది. "రేపు ఆదివారం, వేలంశాలకి సెలవు," అంది. అతని మొహం వాడిపోయేదాకా ఆగి, గొడుగు తెరిచి, "మా ఇల్లు వంతెన దాటగానే. పదండి, దారి చూపిస్తా," అంది.