చెయ్యి ఎక్కించే పాఠం

పొద్దున్నే అద్దం ముందు నిలబడి చొక్కాని వెనకనుంచి కిందికి లాక్కోవడం ఆయనకి అలవాటు. ఉద్యోగంలో చేరిన నాటినుంచి రిటైరయ్యేదాకా బస్సు నడిపిన మనిషి. స్టీరింగు తిప్పీ తిప్పీ కుడి భుజం ముందుకి వచ్చేసింది. ఏ చొక్కా వేసినా కాసేపటికే కాలరు ఒక పక్కకి జరిగిపోయి, వీపు మీద అడ్డంగా ముడత పడుతుంది. ఊరందరికీ కుట్టు నేర్పే టీచరమ్మ మొగుడి చొక్కా అలా ఉండటం వీధిలో ఒక వేళాకోళం.

"నిటారుగా నిలబడండి," అంది టీచరమ్మ కాలరు సర్దుతూ.

"నేను నిటారుగానే ఉన్నాను. నీ చొక్కాయే అడ్డం తిరిగింది."

"నా కుట్టుని అనకండి. మీ భుజాన్ని అనండి."

ఇది రోజూ ఉండే గొడవే. మొగుడి వీపు మీద ఒక్కటి చరిచి, ఆవిడ ముందు గదిలోకి వెళ్ళి మిషన్ల మీది గుడ్డలు తీసింది.

ఆ గదిలో టీచరమ్మ చెప్పిందే చట్టం. కొలతలు తియ్యడం, పాత పేపరు మీద గీసి కత్తిరించడం, కాలరు, జేబు, గుండీల పట్టీ, అన్నీ అరమరికలు లేకుండా నేర్పేది. ఒక్క చెయ్యి ఎక్కించడం మాత్రం చివరికి అట్టేపెట్టేది. చొక్కా ఒంటికి చెయ్యి అతకడమే కుట్టుపనిలో కష్టం, అక్కడే చాలామంది పని బయటపడిపోతుంది. ఆవిడకి నేర్పిన మేస్త్రీ కూడా అలాగే ఆఖరిదాకా తిప్పుకుని, తలుపు మూసి చెప్పాడట. ఈవిడా అంతే. మంచి పనితనం ఉందనిపిస్తేనే ఒక్కళ్ళనే కూర్చోబెట్టుకుని, తలుపు వేసి చెప్పేది.

ఆ రోజు మందుల షాపులో పనిచేసే అమ్మాయి క్లాసుకి అందరికంటే ముందొచ్చింది.

"టీచరమ్మగారూ, చెయ్యి పాఠం ఫోన్లో చూశానండీ. ఎంత బాగా చెప్పారో. కానీ..."

ఆ 'కానీ' తర్వాత ఆ అమ్మాయి ఏమందో ఆవిడ చెవిన పడలేదు. ఆ పిల్ల చేతిలో ఫోను అందుకుని చూసింది. తన చేతులే. తన గొంతే. "చూడు తల్లీ, చేతి ముక్క కింద పెట్టు, ఒంటి ముక్క పైన పెట్టు. కొంచెం ఎక్కువున్న బట్టని సూది కింది మిషను పళ్ళే సర్దుకుంటాయి. నువ్వు లాగకు."

తల్లీ అంది. ఆవిడ శిష్యురాళ్ళని ఎప్పుడూ తల్లీ అనదు.

కూతురు వృత్తివిద్యా కాలేజీలో పాఠాలు తయారుచేసే ఉద్యోగం చేస్తోంది. ఆమధ్య అమ్మ పాఠాలన్నీ వీడియో తీస్తానంది. "అందరికీ ఓపెన్‌గా ఉంటాయమ్మా, సరేనా?" అంటే, పప్పు కడుగుతూ "నీ ఇష్టమే" అంది ఈవిడ. అందరూ అంటే ఆ కాలేజీ పిల్లలే అనుకుంది. కత్తెర, కాలరు, జేబు అన్నీ అయ్యాక కూతురు కెమెరా వెనకనుంచే అడిగింది, చెయ్యి ఎలా ఎక్కిస్తావమ్మా అని. పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడైనా మిషను ముందు కూర్చోని పిల్ల. ఇన్నాళ్ళకి అడిగిందని ఈవిడ ప్రాణం లేచొచ్చింది. కెమెరా సంగతే మర్చిపోయి, ఉన్నదంతా చెప్పేసింది.

ఆ రోజు క్లాసు ఎలా నడిచిందో ఆవిడకే తెలీదు. రేపటినుంచి ఈ మెట్లెక్కి ఎవరొస్తారన్న దిగులు ఒక పక్క. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది, అది ఎవరికి చెప్పుకోవాలి?

సాయంత్రం కూతురు చెప్పులు విప్పుతుండగానే అడిగింది.

"ఆ పాఠం ఎవరికి చెప్పాననుకున్నావే?"

కూతురికి వెంటనే అర్థమైంది. బ్యాగు కింద పెట్టింది. "అమ్మా, నువ్వు సరే అన్నావు కదా. ఎవరైనా చూడొచ్చు, ఫోన్లోకి దింపుకోవచ్చు, వాళ్ళకి తగ్గట్టు మార్చుకోవచ్చు. నీ పేరు మాత్రం తియ్యకూడదు."

"మార్చుకోవచ్చా? నా పాఠాన్నా?"

"అందుకేగా ఓపెన్ అన్నది."

"నేను కెమెరాకి చెప్పలేదే. నీకు చెప్పాను." అంది టీచరమ్మ. "నా కడుపున పుట్టినదానికి చెప్పుకున్న మాట నువ్వు తీసుకెళ్ళి బజార్లో పెట్టావు."

పేపరు చదువుతున్న ఆయన పేపరు మొహానికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాడు. తల్లీకూతుళ్ళ మధ్య దూరితే ఏమవుతుందో ఆయనకి అనుభవమే.

"నాకు తెలుసమ్మా," అంది కూతురు మెల్లగా. "మిగతా పాఠాల్లో టీచరమ్మవి. అందులో అమ్మవి. అందుకే అది అంత బాగా వచ్చింది. అడిగితే వద్దంటావని అడగకుండానే పెట్టేశాను. తప్పే. ఇప్పుడే తీసేస్తాను. కానీ ఒకళ్ళు ఇప్పటికే తీసుకున్నారు. మార్చారు కూడా. తీసేముందు అదొక్కటి చూడు."

చూడనంటే చూడనంది. మళ్ళీ తనే కళ్ళజోడు వెతుక్కుంది. తన పాఠాన్ని ఎవరు ఎలా చెడగొట్టారో చూడకుండా ఉండటం ఆవిడవల్ల అవుతుందా?

ఎక్కడో ఎవరో ఒకావిడ. మాట్లాడే భాష కూడా వేరు. మొదట్లోనే టీచరమ్మ పేరు, మూల పాఠం ఈవిడదని. చేతి ముక్క కింద, ఒంటి ముక్క పైన, అంతా తను చెప్పినట్టే చేస్తోంది. ఇంతలో టీచరమ్మ ఫోను మీదికి వంగింది.

"గుర్తు తప్పింది. చేతి ముక్క నడినెత్తి మీది గుర్తు భుజం కుట్టుకి కలవాలి. ఈవిడ ముందుకి తిప్పేసిందేమిటి? చంక కింద కుట్టు కూడా కలవదిప్పుడు. నా పేరు పెట్టి ఈ పనా?"

"ఆపెయ్యనా?"

"ఆపకు. చూడనీ."

చొక్కా పూర్తయింది. ఆవిడ దాన్ని చక్రాల కుర్చీలో ఉన్న తన కూతురికి తొడిగింది. పొద్దస్తమానం చక్రాలు తోసుకుని ఆ పిల్ల భుజాలు రెండూ ముందుకి వచ్చేశాయి. పిల్ల చక్రాలు తోస్తూ గదిలో గిర్రున తిరిగి, తల్లికి వీపు చూపించింది. వీపు మీద ఒక్క ముడత లేదు.

టీచరమ్మ తలెత్తి పేపరు చాటున ఉన్న మొగుడి భుజం వంక చూసింది.

"ఆ చొక్కా విప్పండి."

"ఇప్పుడా? నేనేం చేశాను?"

"విప్పమన్నానా."

కుడి చెయ్యి కుట్టు విప్పింది. చేతి ముక్కని రవ్వంత ముందుకి తిప్పి, సుద్దతో కొత్త గుర్తు పెట్టింది. ఇన్నేళ్ళూ తప్పని చెప్పిన చోటే, తన చేత్తోనే. గుండుసూదులు గుచ్చి మిషను ముందునుంచి లేచింది.

"కూర్చో," అంది కూతురితో.

"నేనా? నాకు రాదమ్మా."

"అడిగినప్పుడు చెప్పాగా. చేతి ముక్క కింద, ఒంటి ముక్క పైన. లాగకు."

కూతురి కుట్టు రెండు చోట్ల పక్కకి పోయింది. టీచరమ్మ చూసింది, విప్పమనలేదు.

ఆయన చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. అలవాటుగా చెయ్యి వెనక్కి పోయింది. లాగడానికి అక్కడేమీ లేదు. ఆ చెయ్యి అలాగే కాసేపు వెతుక్కుంది.

"ఏమేవ్," అన్నాడు, అద్దానికి వీపు తిప్పి చూసుకుంటూ.

టీచరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇన్నేళ్ళూ మీ భుజాన్నే తిట్టాను."

"పోనీలే. అది వినలేదులే."

కూతురు ఏడుస్తూనే నవ్వింది. "పాఠం తీసెయ్యనా అమ్మా?"

"తీసేస్తే ఆ పిల్ల తల్లిలాంటివాళ్ళు ఏం చూసి కుడతారే? ఉండనీ. దాని పక్కనే నాన్న చొక్కా కూడా పెట్టు. ఆవిడ పేరు ముందు వెయ్యి, నాది తర్వాత వెయ్యి." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇంకోసారి మాత్రం నన్ను అడిగి పెట్టు."

మర్నాడు మందుల షాపు అమ్మాయి బెదురుతూ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"నిన్న కానీ అని ఏదో అన్నావు. ఏమిటది?" అడిగింది టీచరమ్మ.

"చూసి కుట్టానండీ. చెయ్యంతా ముడతలొచ్చాయి. ఎక్కడ తప్పు చేశానో ఫోను చెప్పదు కదండీ. మీరు చూస్తారని తెచ్చాను."

టీచరమ్మ చొక్కా అందుకుని వెలుతురుకేసి పట్టి చూసింది. "లాగావు. లాగొద్దన్నాగా. రా, కూర్చో."

ఆ అమ్మాయికి ఈ పాఠం సంగతి తెలుసు. "తలుపు వేసి రమ్మంటారా?"

"వద్దు," అంది టీచరమ్మ, మిగతావాళ్ళకి కూడా కనబడేలా స్టూలు జరుపుకుంటూ.