కారుతున్న గొంతు

కుట్టుమిషన్లు బాగుచేసే షాపు పక్కనుంచి పదమూడు మెట్లు కిందికి దిగితే మా స్టూడియో. రెండే గదులు. ముందు గదిలో నా టేబులు, కంప్యూటరు. వెనకది బూత్. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, గోడల నిండా బూడిద రంగు స్పాంజి, కిటికీ లేదు. రెండు గదుల మధ్య దళసరి అద్దం. బూత్ తలుపు వేస్తే జిగురూ పాత కార్పెట్టూ కలిసిన వాసన వస్తుంది. పగలో రాత్రో తెలీదు. పది నిమిషాలు కూచుంటే మన గుటక మనకే పెద్దగా వినిపిస్తుంది.

పదకొండేళ్లుగా ఆ బూత్‌లో పుస్తకాలు చదివేది మా అక్క. రికార్డు చేసేది నేను. అంతకు ముందు పద్దెనిమిదేళ్లు ఒక పేపర్లో డెస్కు మీద పనిచేశాను. అక్కడి అలవాట్లు పోలేదు. ఏ పని జరిగినా టైము వేసి ఒక కాగితం మీద రాసుకుంటాను. ఈ సంగతి జరిగిన రోజు కాగితం ఇప్పుడు నా ముందే ఉంది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి అక్క గొంతుకి ఆపరేషన్. స్వరతంతువు మీద కంది గింజంత కాయ లేచింది. "మాట వస్తుంది. పాత గొంతే వస్తుందని మాత్రం రాసివ్వలేను," అన్నాడు డాక్టరు. ఈలోగా ఎంత చదవొచ్చని అక్క అడిగితే, ఒక్క గంట అన్నాడు. అంతకు మించితే తన పూచీ లేదన్నాడు.

మిగిలింది ఒక నవలలో ఆఖరి అధ్యాయం. పదకొండు పేజీలు. పేజీకి నాలుగు నిమిషాల లెక్కన నలభై నాలుగు నిమిషాలు. సరిపోవాలి.

పదీ ఇరవైకి మొదటి పేజీ చదివింది. తిరిగి వింటే అక్క గొంతు వెనక సన్నగా ఇంకో గొంతు ఉంది.

"కారుతోంది," అన్నాను.

మా దగ్గర కారడమంటే నీళ్ల సంగతి కాదు. చదివేవాళ్లు మధ్యలో ఆగితే, అంతకు ముందు వాక్యాన్ని వాళ్ల చెవిలో వినిపిస్తాం. అది విని అదే ఒరవడిలో అందుకుంటారు. చెవిలోది బయటికి జారి మైకులో పడితే కారిందంటాం. మా పాత హెడ్‌ఫోన్ ప్యాడ్లు చిట్లిపోయి, నల్ల పొలుసులు రాలి అక్క చెవులకి అంటుకునేవి. కాబట్టి నేరం ఆ హెడ్‌ఫోన్‌దే అనుకున్నాను.

అందుకు సిద్ధపడే ఉన్నాను. పేపర్ మానేసినా ఆదివారం పేజీకి సామాను మీద సమీక్షలు రాస్తూనే ఉన్నాను. క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్లు, అంటే చెవి కప్పుకి వెనక వైపు పూర్తిగా మూసి ఉండేవి, నాలుగు జతలు ఒక డీలరు పరీక్షకి పంపాడు. సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి.

"ఏమిటే ఈ పెట్టెలు? చెప్పుల షాపు పెట్టావా?" అంది అక్క.

"వెనక మూసినవి. కారవు."

"ముందు నీ నోరు కారకుండా చూసుకో. పొద్దుణ్నించీ వాగుతూనే ఉన్నావు. నా గంట గడిచిపోతోంది."

మొదటి జత బిగుతెక్కువ. "నా తల నిమ్మకాయనుకున్నారా వీళ్లు?" అంది. ప్యాడ్లు మంచివి, మధ్య స్వరాలు శుభ్రంగా ఉన్నాయి. మొదటి పేజీ మళ్లీ చదివింది. వెనక ఆ గొంతు అలాగే ఉంది. మీటరు మైనస్ యాభై రెండు చూపించింది. ఆ అంకె సున్నాకి దగ్గరయ్యే కొద్దీ శబ్దం గట్టిగా ఉన్నట్టు. యాభై రెండంటే గుసగుస. కానీ పుస్తకం వినేవాడికి గుసగుస చాలు, చిరాకు పుట్టడానికి.

రెండో జతలో కింది స్వరాలు ఉబ్బి ఉన్నాయి. బిందెలో తల పెట్టి మాట్లాడుతున్నట్టుందని అక్క విసుక్కుంది. చదివింది. మైనస్ యాభై రెండు.

మూడోది తేలిక. గంటలకొద్దీ పెట్టుకోవచ్చు. కాకపోతే అక్క కళ్లజోడు కాడ దగ్గర ప్యాడ్ లేచి సందు పడుతోంది. ఆ సందులోంచే కారుతోందని కళ్లజోడు తీయించాను. అక్షరాలు కనపడక కాగితాలు ముక్కు దాకా తెచ్చుకుని చదివింది. మైనస్ యాభై రెండు.

నాలుగోది అన్నిటికన్నా బరువు. దాని కప్పులు రెండూ ఒకదానికొకటి అదిమి, లోపల సౌండు పూర్తిగా పెట్టి, బయట చెవి ఆనించి విన్నాను. ఏమీ లేదు. ఈసారి దొరికిందనుకున్నాను.

మైనస్ యాభై రెండు.

అప్పటికి అయిదు సార్లు చదివింది ఒకే పేజీని. ఇరవై నిమిషాలు గొంతు అరిగింది. చేతికొచ్చింది సున్న.

డెస్కులో ఉన్నప్పుడు నలుగురు సాక్షులు అక్షరం పొల్లు పోకుండా ఒకే మాట చెబితే, వీళ్లకి ఎవరో నేర్పారని అనుమానించేదాన్ని. నాలుగు రకాల ప్యాడ్లు, నాలుగు రకాల బిగుతు. కారుతున్నది మాత్రం ఒకే అంకె. నేరం హెడ్‌ఫోన్లది కాదని నాకు మూడో జత దగ్గరే తట్టాల్సింది. తట్టలేదు. వైర్లు మార్చాను. మైకు ఇంకో చోట బిగించాను. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాను. టేబులు కాలిని తన్నాను కూడా.

"ఇంకోసారి," అన్నాను.

"ఇంకోసారి, ఇంకోసారి. నా గొంతేమన్నా కొళాయా?" ఆ మాటలో చివరి అక్షరం బొంగురుపోయింది. అద్దం అవతల గొంతు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకుంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

"అసలు హెడ్‌ఫోన్ తీసెయ్. ఏదీ పెట్టుకోకుండా చదువు."

నాలుగో జత నేను తీసుకుని నా చెవులకి పెట్టుకున్నాను. అక్క ఉత్త చెవులతో మొదటి పేజీ చదివింది. ఆ గదిలో ఇప్పుడు శబ్దం చేసేది అక్క తప్ప ఇంకేదీ లేదు. వైరు కూడా లేదు.

వెనక గొంతు ఉంది. మైనస్ యాభై రెండు.

అక్క మాటల మధ్య ఖాళీలు మాత్రమే కత్తిరించి, సౌండు పెంచి విన్నాను. ఆ హెడ్‌ఫోన్ పనితనం అప్పుడు తెలిసింది. పైన షాపులో మిషన్లు, వీధి, నా కుర్చీ కిర్రుమనడం, అన్నీ మాయమయ్యాయి. ఆ గొంతు ఒక్కటే మిగిలింది.

అది అక్క గొంతే. బొంగురు లేదు. పదకొండేళ్ల కిందట మొదటి పుస్తకం చదివిన నాటి గొంతు. "ఆమె దీపం తగ్గించి మెట్లు దిగింది," అంటోంది. ఆ తర్వాత రెండు సెకన్లకి అక్క అదే వాక్యం చదివింది.

కారినది ఎప్పుడూ వెనక వస్తుంది. చెప్పిన మాట కదా కారేది. ఇది ముందు వస్తోంది.

పాత టేకులు, అంటే అంతకు ముందు అయిదు సార్లు చదివినవి, తీసి చూశాను. మొదటి దాంట్లో అర సెకను ముందు. మూడో దాంట్లో ఒక సెకను. ఇప్పుడు రెండు.

బూత్‌లోకి వెళ్లి నిలబడ్డాను. ఊపిరి బిగబట్టి విన్నాను. స్పాంజి, జిగురు వాసన, అక్క. అంతే.

"ఏమిటా మొహం?" అంది.

"ఏం లేదు. ఇదే ఖాయం చేద్దాం. మిగతాది చదివెయ్. వెనకది తర్వాత తుడిచేస్తా."

తుడవడం చేతకాదని నాకు తెలుసు. ఒకే గొంతులోంచి అదే గొంతుని ఎలా తీస్తాం? కానీ రేపు పొద్దున ఎనిమిదింటికి ఆపరేషన్ అనేది ఒకటుంది.

రెండో పేజీ. మూడు. నాలుగు. అక్క చదివేకొద్దీ మీటరు మీద ఆమె గొంతు కిందికి దిగుతోంది. రెండోది పైకి వస్తోంది. మైనస్ నలభై ఆరు. నలభై. ముప్ఫై మూడు. ఏడో పేజీలో అక్క "వెళ్లిపోయాడు" అన్న మాటని మూడుసార్లు ఎత్తుకుంది. ముందొచ్చే గొంతు దాన్ని ఒక్కసారే, హాయిగా పలికింది.

ఎనిమిదో పేజీ మధ్యలో అక్క ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది. గాలి వస్తోంది. మాట లేదు. నా కాగితం ప్రకారం యాభై నిమిషాలు.

రెండో గొంతు కూడా ఆగింది.

ఇంకా మూడున్నర పేజీలు. నేను బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని కూచున్నాను. ఆ మొదటి ఇరవై నిమిషాలు హెడ్‌ఫోన్ల మీద తగలెయ్యకపోతే పుస్తకం అయిపోయేది. ఆ మాట అక్క అనలేదు. అనుంటే బాగుండేది.

అక్క మైకుకి దగ్గరగా వంగింది. గుసగుస.

"అది చదువుతోందిగా... చదవనీ."

బూత్‌కి మాట వినిపించే బటన్ నొక్కాను. "నీకు వినపడుతోందా?"

"మొదటి టేకు నించీ."

"ఎందుకు చెప్పలేదే?"

"నా గొంతే కదా..." ఆగి ఊపిరి తీసుకుంది. "నాకంటే బాగా చదువుతోంది."

బటన్ వదిలేశాను. వద్దనాలి. లేచి తలుపు తీసి, అక్కని మెట్లెక్కించి వీధిలోకి తీసుకుపోవాలి. కానీ పుస్తకం అవగొట్టాలి కదా అనిపించింది. అంత చిరాకులో ఉన్నాను. చెయ్యి ముందుకి చాపి, సన్నటి శబ్దం కూడా మైకుకి అందేలా గెయిన్ పెంచాను.

అక్క పెదాలు మూసుకుని కూచుంది.

ఆమె ఆగిపోయిన మాట దగ్గరే అది అందుకుంది.

మైనస్ పద్దెనిమిది. అక్క బాగున్న రోజుల్లో నేను పెట్టుకునే లెవెలు అది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ తీసుకుంటోంది. కామా దగ్గర అక్క ఆగినంతే ఆగుతోంది. అక్క కాగితం తిప్పుతోంది, అది చదువుతోంది. అద్దం అవతల అక్క గొంతు కదలడం లేదు. నేను ఆ గొంతునే చూస్తున్నాను... పద్నాలుగు నిమిషాలు.

ఆఖరి వాక్యం అయింది. అక్క కాగితాలు సర్దింది. రికార్డింగు ఆపడానికి నా చెయ్యి లేవలేదు.

హెడ్‌ఫోన్లో నీళ్లు తాగిన చప్పుడు. అక్క గ్లాసు ముట్టుకోలేదు.

తర్వాత ఆ గొంతు పుస్తకంలో లేని మాట అంది.

"ఇప్పుడు వినపడుతోందా?"

రెండు సెకన్లు ఖాళీ.

"ఆ. వినపడుతోంది."

ఆ జవాబు నా గొంతు. నా వేలు బటన్ మీద లేదు. నా నోరు మూసే ఉంది.

ఆ చివరి నలభై సెకన్లూ కత్తిరించి పారేసి, ఫైలు పంపాను. హెడ్‌ఫోన్లు నాలుగూ తిరిగి పెట్టెల్లో పెట్టి ఇచ్చేశాను. సమీక్ష రాయలేదు. మూడు రోజుల తర్వాత పబ్లిషరు ఫోన్ చేసి, మీ అక్కగారు ఇంతకు ముందెప్పుడూ ఇంత బాగా చదవలేదన్నాడు. థాంక్స్ చెప్పాను.

ఆపరేషన్ సరిగ్గానే జరిగింది. పదిహేను రోజులు మాట్లాడొద్దన్నారు. అక్క పలక మీద రాసేది. పలక మీద కూడా నన్ను తిట్టేది. నేను ఎదురు తిట్టేదాన్ని. ఆ పదిహేను రోజుల్లో స్టూడియో సంగతి మేమిద్దరం ఎత్తలేదు.

పదహారో రోజు మధ్యాహ్నం డాక్టరు గదిలో కూచున్నాం. కిటికీలోంచి ఎండ పడుతోంది. గొట్టంలాంటి కెమెరా పెట్టి చూసి, పూర్తిగా మానింది, మచ్చ కూడా లేదని చాలా సంతోషపడ్డాడు. అక్క కేసు కాగితం ముందుకి లాక్కుని, తల వంచి రాసుకుంటూ, "మీకిష్టమైన మాట ఏదైనా ఒకటి అనండి," అన్నాడు.

అక్క నా వైపు తిరిగింది. పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. ఒక్క పిసరు కూడా రాలేదు.

కానీ ఆ పెదాలు ఏమన్నాయో నాకు తెలిసింది. ఆ రోజు బూత్‌లో ఆ గొంతు అడిగిన ప్రశ్నే. జవాబు చెప్పకూడదని పళ్లు గట్టిగా బిగబట్టుకున్నాను. చేత్తో నోరు మూసుకున్నాను. ఒకటి... రెండు...

డాక్టరు రాయడం ఆపాడు. తలెత్తి నన్నే చూశాడు, కాస్త చిరాగ్గా.

"వినపడుతోందంటున్నారే, మీకెలా వినపడిందండీ?" అన్నాడు. "నాకేం వినపడలేదే."