రాజేంద్ర వచ్చినాడు, టీ పెట్టు

పొద్దున్నే కరెంటు పోయింది. బర్మాలో, యాంగోన్ ఊరి పజుండౌంగు పేటలో అదేమీ విశేషం కాదు, ఉంటేనే విశేషం. రాధారాణి బొగ్గుల కుంపటి మీద టీకి నీళ్ళు పడేసి, బాల్కనీలో కూర్చున్న అత్తగారికి తల దువ్వుతోంది. రాత్రంతా కురిసిన వాన కాస్త తెరిపిచ్చింది. కింద వీధిలో చేపల పులుసులో సేమ్యా వేసిచ్చే మొహింగా బండి దగ్గర జనం గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు మలుపులో కారు హారన్ మోగింది. రెండు కూతలు. మొదటిది పొడుగ్గా, రెండోది సగంలో బొంగురుపోయి.

దేముడమ్మ చటుక్కున తల ఎత్తింది. ఆవిడకు కళ్ళు పోయి చాలాకాలమైంది గాని చెవులు మాత్రం ఇంకా పడుచువే.

"రాజేంద్ర వచ్చినాడే. టీ పెట్టు," అంది.

రాధారాణి చేతిలో దువ్వెన ఆగిపోయింది. మొగుడి స్నేహితుడు రాజేంద్ర చనిపోయి నాలుగేళ్ళయింది.

"మీ కొడుకత్తా. బేరం దించీసి వచ్చినాడు."

"నా కొడుకు కారు కూత నాకు తెల్దేటి? ఇది ఆడిదే. ఆడికి పంచదార ఎక్కువెయ్యి."

గోవిందు మెట్లెక్కి వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ పొట్టి మనిషి. టాక్సీ తోలి తోలి కుడి భుజం కొంచెం వాలిపోయింది. "హారన్ కొట్టింది నేనేనమ్మా," అన్నాడు నవ్వుతూ.

"నువ్వా? మరి ఆడు కిందే నిలబడిపోనాడేటి?" అంది ముసలావిడ.

రాధారాణి ఉండబట్టలేక కిందికి తొంగిచూసింది. తెల్ల కారు తప్ప ఇంకేమీ లేదు.

ఆ కారు పేరు మినాటో. పాత బండి సర్కారుకు అప్పజెప్పినవాళ్ళకు దిగుమతి పర్మిట్ ఇచ్చిన రోజుల్లో జపాన్ నుంచి యాంగోన్‌లోకి మినాటోలు వరదలా వచ్చాయి. కలవారి కారు కాదు, అలాగని చూసి నవ్వే కారూ కాదు. గుమాస్తాలు కొన్నారు, పంతుళ్ళు కొన్నారు, టాక్సీవాళ్ళు చీటీలు పాడి మరీ కొన్నారు. గోవిందు, అతని స్నేహితుడు రాజేంద్ర ఒకేరోజు తెచ్చుకున్నారు, రెండూ తెల్లవే. ఊరి చివర మింగళాడోన్ దాటాక, బర్మావాళ్ళు నాట్ అని కొలిచే, కార్లను కాచే దేవత గుడి ఒకటుంది. కొత్త బండి కొన్నవాడు దాన్ని గుడికి ఎదురుగా నిలిపి, మూడుసార్లు ముందుకీ వెనక్కీ నడుపుతాడు. అది కారు పెట్టే దణ్ణం. ఆ రోజు రెండు తెల్ల మినాటోలూ పక్కపక్కనే దణ్ణం పెట్టాయి. హారన్ కొట్టి దేవత చెవులు హోరెత్తించింది మాత్రం రాజేంద్రే.

ఆ తర్వాత జపాన్‌లో ఏమైందో ఏమో, ఆ కంపెనీని ఇంకెవరో కొనుక్కుని మినాటో పేరే తీసేశారని టీ దుకాణాల్లో చెప్పుకున్నారు. మొదట ఎవరూ నమ్మలేదు. కొన్నాళ్ళకు విడిభాగాల కొట్ల మీంచి మినాటో బోర్డులు దిగిపోయాయి. పాడైనవాటికి సామాను దొరక్క ఒక్కొక్క కారూ నది దాటి, తన్లిన్‌లో పాత బళ్ళు కోసే యార్డులకు చేరింది. ఇప్పుడు ఊరంతా గాలించినా తిరిగే మినాటో ఒక్కటే, గోవిందుది. "కంపెనీ సచ్చిపోతే కారు సచ్చిపోయినట్టేటి?" అంటాడతను. అన్నం పెట్టే బండి కదా, అలాగే అనాలి.

అది మొన్న వానలు మొదలయ్యేసరికి చావు దగ్గరికే వచ్చింది. ముందు హారన్ పోయింది. ఊరంతా అడిగి గోవిందు చేతులెత్తేశాడు. మర్నాడు రాధారాణి కింద పేపరువాడు తగిలించి పోయిన పేపరు కోసం, బాల్కనీలోంచి వీధిలోకి వేలాడే తాడు పైకి లాగితే, పేపరుతోపాటు గుడ్డసంచిలో మినాటో హారన్ వచ్చింది. తర్వాత ఫ్యాన్ బెల్టు తెగింది. మూడోనాటికి తాడుకు ఫ్యాన్ బెల్టు వేలాడింది. గోవిందు పరుగున వెళ్ళి నాట్ గుడిలో కొబ్బరికాయ, అరటిగెలలు పెట్టొచ్చాడు. "మూడు దణ్ణాలు పెట్టించినాను. అందుకే అమ్మ సూస్తన్నాది," అని వీధంతా చాటాడు.

రాధారాణికి మాత్రం భయం పట్టుకుంది. ఇచ్చింది దేవతే అయితే, ఆ హారన్ రాజేంద్ర గొంతుతో ఎందుకు కూస్తోంది?

ఆ భయం చెప్పుకుందామంటే మొగుడి మనసు ఆ సరికే మండిపోయి ఉంది. మందుల షాపులో పనిచేసే కూతురు మల్లిక కిందటి నెల ఒక మాట బయటపెట్టింది. ఆంగ్ ఆంగ్‌ని తప్ప ఇంకెవరినీ చేసుకోనంది. ఆంగ్ ఆంగ్ ఎవరో కాదు, రాజేంద్ర కొడుకే. తల్లి బర్మా మనిషి. తన్లిన్ యార్డులో కార్లు కోస్తాడు.

"తండ్రి పోయి నెల తిరక్కుండా తండ్రి కారునే కోసీసినాడు!" అని గోవిందు ఆ రోజు పళ్ళెం విసిరికొట్టాడు. "మనిళ్ళల్లో పిల్లనడగడానికి తండ్రి రావాల. ఆడు ఎవుల్ని తెస్తాడు? నా గుమ్మం తొక్కితే కాళ్ళిరగ్గొడతాను."

మల్లిక ఏడవలేదు. అప్పట్నుంచి తండ్రితో మాట్లాడ్డం మానేసింది, అంతే. తండ్రి కాదంటే ఆ పిల్ల ఇంకొకణ్ణి చేసుకోదు, తండ్రిని కాదని ఇల్లూ దాటదు. ఇద్దరి మధ్యా నలిగేది రాధారాణి. కూతురు ఇలాగే ఎండిపోతుందేమోనని ఆవిడకు అన్నం సయించడం లేదు.

ఇంతలో కారులో డ్రైవర్ సీటు విరిగింది. గోవిందు పీట వేసుకుని బండి నడిపాడు. ఒక ఉదయం మెట్ల కింద, గోడకు ఆనించి, పట్టాలో చుట్టిన సీటు కనిపించింది. దూరం నుంచి చూస్తే ఎవరో మనిషి కూర్చున్నట్టే ఉంది. రాధారాణి చేతిలో చెంబు కిందపడింది.

సీటు సరిగ్గా సరిపోయింది. కాని దానికో గుణం ఉంది. గోవిందు కాళ్ళకు అందేలా ముందుకు జరుపుకుంటే, కాసేపటికి టక్కుమని అదే వెనక్కి పోయేది. పొడుగు కాళ్ళ మనిషెవరో తన కొలతకు జరుపుకున్నట్టు. బండిలో చుట్ట వాసన కూడా మొదలైంది. గోవిందు జన్మలో చుట్ట ముట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాం అమ్మవారి గుడికి వెళ్ళి వస్తున్నారు. జోరువాన. కూడలిలో బస్సు అడ్డం వచ్చింది. గోవిందు బ్రేకు తొక్కబోయాడు. టక్. సీటు వెనక్కి పోయింది. కాలు అందలేదు. రాధారాణి "అమ్మా!" అని అరిచింది. గోవిందు సీట్లోంచి జారి, ఎలాగో కాలు సాచి తొక్కాడు. బస్సుకు బెత్తెడు దూరంలో కారు ఆగింది.

ఇల్లు చేరేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. మల్లిక గొడుగు పట్టుకుని కిందికి వచ్చింది. "ఆ సీటు జరిగే కమ్మీలో గుడ్డ దోపు, జరక్కుండా," అన్నాడు గోవిందు పెళ్ళాంతో నీరసంగా. రాధారాణి వంగి సీటు కిందికి చెయ్యి పెట్టింది. కవరు అంచు పైకి లేచింది. దాని లోపలివైపు ఆకుపచ్చ గుడ్డతో మాసిక వేసి ఉంది.

ఆవిడ ఆ గుడ్డను వేలితో తడిమింది.

"మావా. ఇది రాజేంద్రన్న సీటు."

"పిచ్చెక్కినాదేటి? ఆ కారు కోసీసి నాలుగేళ్ళు."

"రెండు కార్లకీ కవర్లు కుట్టింది నేను. ఆడి చుట్ట పడి కాలిపోతే నా పచ్చచీర ముక్కేసి మాసికేసినాను. నా కుట్టు నాకు తెల్దా?" ఆవిడ కవరు వదిలేసి వెనక్కి జరిగింది. "హారనూ ఆడిదే. అత్త రోజూ సెప్తన్నాది, మనమే ఇనిపించుకోనేదు. నేని కారు నించి సామాను ఎలాగొస్తాది మావా? ఎవులు తెస్తన్నారు?"

గోవిందు సీటు మీంచి లేచి వానలోకి వచ్చి నిలబడ్డాడు.

"నేను సెప్పినాను, నానా," అంది మల్లిక. నెలరోజుల తర్వాత తండ్రితో అన్న మొదటి మాట అది. "ఏది పాడైతే అది ఆంగ్ ఆంగ్‌కి నేనే సెప్పినాను. పని కెల్తా కెల్తా ఆడే తెచ్చి పెట్టీవాడు. ఆడు వాళ్ళ నాన్న కారు కోయనేదు. ఊళ్ళో అందరి మినాటోలూ కోసినాడు, అదొక్కటి ముట్టనేదు. ఇప్పుడు నీ కోసం ఇప్పుతన్నాడు."

"సచ్చినోడి ముక్కలు నా బండికి తగిలిస్తన్నాడా?" గోవిందు అరుపుకు మొహింగా బండి దగ్గరవాళ్ళు తిరిగి చూశారు. "ఏటిది? ఓలి ఇస్తన్నాడా? పాత ఇనప సామాను పెట్టి నా పిల్లని కొనుక్కుంతాడా?"

"అలాగని ఆడి మొకం మీదే అడుగు. ఎల్లి సూడు!"

"సూస్తాను. ఎక్కండి!"

ముగ్గురూ ఎక్కారు. తన్లిన్ వంతెన మీద వాన తెరలు తెరలుగా కొడుతోంది. దోపిన గుడ్డ జారిపోయి సీటు మళ్ళీ టక్కుమంది. ఈసారి గోవిందు దాన్ని ముందుకు లాగలేదు. కాళ్ళు సాచి, అంచు మీద కూర్చునే నడిపాడు. వెనక కూర్చున్న రాధారాణికి మొగుడి తల పక్కన ఇంకో తల ఉన్నట్టే తోచి, కళ్ళు మూసుకుని అమ్మవారిని తలుచుకుంది.

యార్డులో తలుపులు ఒకపక్క, చక్రాలు ఒకపక్క గుట్టలుగా పడి ఉన్నాయి. చిట్టచివర రేకుల షెడ్డు కింద, ఇటుకల మీద, ఒక తెల్ల మినాటో నిలబడి ఉంది. దీపాలు లేవు. సీటు లేదు. బానెట్ లేచి ఉంటే లోపల సగం ఖాళీ. కాని ఒంటి మీద దుమ్ము లేదు, ఎవరో రోజూ తుడుస్తున్నట్టుంది. లోపలి అద్దానికి ఆ రోజు కట్టిన మల్లెదండ వేలాడుతోంది.

చేతులు తుడుచుకుంటూ ఆంగ్ ఆంగ్ వచ్చాడు. తండ్రి పొడుగే. అతనికి తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడాలంటే వెతుక్కుంటాడు.

"ఉ లే," అన్నాడు, బర్మావాళ్ళు చిన్నాన్నను పిలిచినట్టు.

"ఎందుకురా?" అన్నాడు గోవిందు. తిట్టడానికి వచ్చినవాడి నోట్లోంచి అదొక్కటే వచ్చింది.

ఆంగ్ ఆంగ్ చేతిలోని గుడ్డ నడుముకు దోపుకున్నాడు. "ఆ కరోనా వానాకాలం... నాన్నకి ఊపిరి నేదు. మా బండి కదల్నేదు. వీధిలో ఒక్క కారు నేదు. మీరు ఆక్సిజన్ సిలిండర్లు తెచ్చినారు, రోజూ, ఈ కారులో. మీ హారన్ ఇనపడితే నాన్న కళ్ళు తెరిసీవాడు. 'గోవిందు వచ్చినాడు' అనీవాడు. ఆఖరు మాట కూడా అదే." ఇటుకల మీది కారు వైపు తిరిగాడు. "నాన్న పోయినాక మా బండి ఇక్కడికి లాక్కొచ్చీసినాను, ఎవులూ ముట్టకుండా. మీ కారు ఆగిపోతే నాన్న మళ్ళీ పోయినట్టు, ఉ లే. నా పని అంతా కార్లు సంపడమే. ఒక్కటైనా బతకాల."

"నాకు సెప్పొచ్చు కదరా!"

"సెప్తే తీసుకోరు. పిల్ల కోసం ఇచ్చినానంతారు. పిల్ల వేరే. ఇది వేరే."

రాధారాణికి కన్నీళ్ళు ఆగలేదు. ఇన్నాళ్ళు ఏ నీడను చూసి జడిసిందో, ఆ నీడ తమ ఇంటికి అన్నం పెడుతూ వచ్చింది.

గోవిందు వెళ్ళి తన కారెక్కాడు. పోతున్నాడేమోనని మల్లిక ముఖం చిన్నబోయింది. కాని అతను బండి తిప్పి, షెడ్డుకు ఎదురుగా తెచ్చి నిలిపాడు. మెల్లగా ముందుకు పోనిచ్చాడు. వెనక్కి తీశాడు. మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి. ఆ దణ్ణం ఎవరికో తెలిసి ఆంగ్ ఆంగ్ చేతులు జోడించి ఏడ్చేశాడు. మూడోసారి కారు ముందుకు వంగినప్పుడు హారన్ కూసింది. ఒకటి పొడుగ్గా, ఒకటి బొంగురుగా.

"నేను కొట్టనేదు," అన్నాడు గోవిందు దిగి వచ్చి. అతని బుగ్గలు తడిగా ఉన్నాయి. వైరు అరిగిపోయి ఉంటుందని ఆంగ్ ఆంగ్ అన్నాడు. అయ్యుంటుంది. "బేగి ఎక్కు. ఇంటికెల్దాం," అన్నాడు గోవిందు ఆ కుర్రాడితో.

పజుండౌంగు చేరేసరికి చీకటి పడబోతోంది. దారి పొడుగునా సీటు ఒక్కసారి కూడా జరగలేదు. అది రాధారాణి ఒక్కతే గమనించింది, ఎవరికీ చెప్పలేదు. నలుగురూ మెట్లెక్కి పైకి వస్తుంటే దేముడమ్మ బాల్కనీలోంచే కేకేసింది.

"రాజేంద్ర వచ్చినాడే. టీ పెట్టు."

గోవిందు వెళ్ళి తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "అవునమ్మా, వచ్చినాడు. కొడుకుని కూడా తెచ్చినాడు. మన మల్లికని అడగడానికొచ్చినారు."

"మరి అంతసేపు మెట్ల మీద నిలబెట్టీసినారేటి పెద్దమనిషిని?" అంది ముసలావిడ కోప్పడుతూ. "కూకోమను."

మల్లిక తండ్రి భుజం మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. రాధారాణి కుంపటి రాజేసి నీళ్ళు పెట్టింది. ఇంట్లోవాళ్ళకు కప్పులు తీసి, ఆంగ్ ఆంగ్‌కి ఒకటి తీసి, కాసేపు ఆగి ఇంకొకటి తీసింది. దాంట్లో పంచదార ఎక్కువ వేసింది.