దాలమ్మ పొడుల లేబుల్

పొద్దున్నే స్నానం కాగానే దేవుడి ముందు దీపం, ఆ వెంటనే కంప్యూటర్‌కి స్విచ్చి. దాలమ్మ దినచర్యలో ఈ రెండిటి మధ్య టీ కూడా దూరదు.

రాయ్‌పూర్‌లో డబ్ల్యూఆర్‌ఎస్ అనే రైల్వే కాలనీ వెనక వీధిలో వాళ్ళ ఇల్లు. ముందుగదిలో ఉన్న ఆ కంప్యూటర్‌కి మనిషయితే కాలేజీలో చేర్చే వయసు. దగ్గుతూ, మూలుగుతూ లేచేది. అది లేచేదాకా దాలమ్మ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, చేతులు కట్టుకుని కూర్చునేది. ఆ దర్జా ముందు ఆఫీసర్లు కూడా దిగదుడుపే.

ఆవిడ భర్త పరదేశి ధమ్‌తరీ వెళ్ళే చిన్న పట్టాల ఛోటీ లైను మీద గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. తర్వాత వీధి చివర డీటీపీ సెంటర్లో కూర్చుని పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, భార్య చేసే పొడులకి మూడు లేబుళ్ళు తయారుచేశాడు. ఒకదాని మీద కందికాయ, ఒకదాని మీద కరివేపాకు రెమ్మ, మూడోదాని మీద వెల్లుల్లి. మౌసుతో గీసినవి. వెల్లుల్లి మాత్రం ఉల్లిపాయలా వచ్చింది. రోజూ తారీఖు మార్చి, ప్రింటు తీసి, అంటించేది దాలమ్మే. ఆ పని ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

కోడలు మాలతి విజయనగరం నుంచి కాపరానికి వచ్చి ఏడాదయింది. పెళ్ళికి ముందు డిజైనింగ్ పని చేసింది కాబట్టి ఆ వెల్లుల్లిని చూసినప్పుడల్లా నవ్వు ఆపుకోలేకపోయేది. పండరి బజారులో పెద్ద కొట్టున్న ప్రేమ్‌చంద్‌ని కలిసి, అత్తగారి పొడులు అమ్మడానికి ఒప్పించింది కూడా మాలతే. ఆయన తెల్ల డబ్బాలు, బార్‌కోడ్, తెలుగుతో పాటు హిందీలోనూ పేరు కావాలన్నాడు. సరుకు నచ్చితే ప్రతి నెలా తీసుకుంటానన్నాడు. ఇన్నేళ్ళూ తెలుగువాళ్ళ ఇళ్ళకే పరిమితమైన పొడులు మొదటిసారి బజారెక్కబోతున్నాయి.

"మావయ్యా, ఆ పేజ్‌మేకర్‌ని కంపెనీవాళ్ళే ఎప్పుడో ఆపేశారు. ఈ కంప్యూటర్ పోయిందంటే మన లేబుళ్ళు ఇంకెక్కడా సరిగ్గా తెరుచుకోవు" అంది మాలతి టిఫిన్ దగ్గర.

"పోయినప్పుడు సూద్దాం లేమ్మా. ఇప్పుడు నడుస్తంది కదా."

"మీ ఛోటీ లైను కూడా నడుస్తూనే ఉండేది కదా మావయ్యా. తీసేసి పెద్ద లైను వెయ్యటం లేదా?"

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. పరదేశి ఇడ్లీ ముక్క చట్నీలో ముంచి, నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. వంటింటి వైపు చూశాడు. "మీ అత్తనడుగు" అన్నాడు.

"నాదేటుంది. మీకెలా బాగుంటే అలా సెయ్యండి" అంది దాలమ్మ లోపల్నుంచి. ఆ తర్వాత చాలాసేపు రోటి చప్పుడు వినిపించింది. అంత వెల్లుల్లి ఆ రోజు అవసరమే లేదు.

ఆ వారంలోనే కంప్యూటర్ దగ్గడం కూడా మానేసింది. కొడుకు శివాజీ ఉర్లాలో తను పనిచేసే ఫ్యాక్టరీ నుంచి వస్తూ మెకానిక్‌ని తీసుకొచ్చాడు. మెకానిక్ మూత విప్పి చూసి, "బస్ భయ్యా, అయిపోయింది" అన్నాడు. మాలతి తన ల్యాప్‌టాప్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకుని, లేబుళ్ళు మొదటినుంచి చేసింది. పాలమీగడ రంగు కాగితం, ఆకుపచ్చ అంచు, పైన పెద్ద అక్షరాల్లో 'దాలమ్మ', కింద చిన్నగా పొడి పేరు, అంచున హిందీ, బార్‌కోడ్. బొమ్మలు తీసేసింది. కొత్తొక వింత, పాతొక రోత.

"భలే ఉంది. షోరూం సరుకులా ఉంది" అన్నాడు శివాజీ.

దాలమ్మ తన పేరు మీద వేలు పెట్టి చూసుకుంది. "నా పేరు పెద్దగా ఏసినావు."

"మీ పొడులు కదా అత్తమ్మా. ఇకనుంచి ప్రింటు సంగతి నేను చూసుకుంటాను. మీరు ఊరికే అంటించండి, చాలు."

పరదేశి ఏదో అనబోయాడు. దాలమ్మ ఆయన వైపు ఒక చూపు చూసింది. ఆయన కళ్ళు దించుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆయన మిరపకాయల కోసం ఊరి బయట ధర్సీవా వెళ్ళాడు. మాలతి లేబుళ్ళని మూడు కట్టలుగా బల్ల మీద పెట్టి, బ్యాంకు పనుందని బయటికి వెళ్ళింది. దాలమ్మ నింపిన డబ్బాలని వరసగా పేర్చుకుని, కట్టల ముందు కూర్చుంది. ఒక్కో కట్టా చేతిలోకి తీసుకుంది, పెట్టింది, మళ్ళీ తీసుకుంది. మాలతి తిరిగొచ్చేసరికి డబ్బాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. సాయంత్రం ఆటోలో పండరికి వెళ్ళిపోయాయి.

రెండు రోజులకి ప్రేమ్‌చంద్ ఫోన్ చేశాడు. మాలతి మొహం రంగు మారుతుంటే, శివాజీ తింటున్న కంచం ముందునుంచి లేచి వచ్చాడు.

"కందిపొడి అని రాసిన డబ్బాలో వెల్లుల్లి కారం ఉందట. ఎవరో చిన్నపిల్లకి అన్నంలో కలిపి పెట్టారట. నోరు మండి గుక్కపట్టి ఏడ్చిందట. అన్నీ తారుమారేనట, మొత్తం వాపస్ పంపిస్తున్నాడు" అంది ఫోన్ పెట్టేసి.

దాలమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "ఆ పిల్లకిప్పుడెలాగుంది?"

"పిల్ల బాగానే ఉంది. పోయింది మన పరువే" అంది మాలతి. నెలల తరబడి కొట్టు చుట్టూ తిరిగిన కష్టమంతా గొంతులోకి వచ్చింది. "పేరు రాసే ఉంది కదా అత్తమ్మా. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కసారి చూస్తే ఏం పోయేది? కొత్త లేబుల్ ఇష్టం లేకపోతే నాతో చెప్పాల్సింది. ఇలా కావాలని చేస్తారా?"

"మాలతీ" అన్నాడు పరదేశి. ఆయన గొంతు పెంచడం ఆ ఇంట్లో కోడలు ఎన్నడూ వినలేదు. "ఇంకొక్క మాట..."

"మీరాగండి" అంది దాలమ్మ. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. అది తుడవాల్సినంత మురికిగా ఏమీ లేదు. "నాకు సదవడం రాదమ్మా. నా పేరు ఒక్కటే తెలుస్తాది. బ్యాంకులో సంతకం కోసం మీ మావ నేర్పినాడు. అంకెలొచ్చును. నువ్వు పెట్టిన కాగితాలన్నిటి మీదా నా పేరే ఉంది. ఏది దేనిదో తెలీనేదు. అడగడానికి సిగ్గేసింది."



"అదేంటమ్మా" అన్నాడు శివాజీ. "చిన్నప్పుడు రోజూ పక్కన కూర్చుని నా చేత పాఠాలు చదివించేదానివి. గట్టిగా చదవరా అనేదానివి. తప్పు చదివితే గిల్లేదానివి."

"తప్పని తెలిసి కాదురా. నువ్వు ఆగినావంటే తప్పొచ్చిందనుకునేదాన్ని."

శివాజీ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆ గిల్లుళ్ళకి చెయ్యి ఎర్రబడిన రోజులన్నీ గుర్తొచ్చి కళ్ళు నిండాయి. వెళ్ళి తల్లి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఆ బొమ్మలు అందానికి ఏసినవి కావమ్మా" అన్నాడు పరదేశి కోడలితో, గొంతు తగ్గించి. "కొడుక్కి తెలీకూడదని మీ అత్త నాతో ఒట్టేయించుకుంది. కోడలొచ్చినాక మరీను. పేజ్‌మేకర్ పోతే నాకేటి? అందులో ఎక్కడేటుందో మీ అత్తకి సేతులు సెప్తాయి. ఆ కుర్సీలో కూకున్నంతసేపూ తనకి సదువొచ్చినట్టే ఉండేది."

మాలతికి పాత లేబుళ్ళు గుర్తొచ్చాయి. ఉల్లిపాయలాంటి ఆ వెల్లుల్లిని చూసి తను నవ్విన ప్రతిసారీ అత్తగారు పక్కనే ఉంది. ఆవిడ కూడా నవ్వేది. అత్తగారి పక్కన నేల మీద కూలబడి, ఆవిడ మోకాలి మీద తల పెట్టేసింది.

"నేను అడగాల్సింది అత్తమ్మా. ఏడాది నుంచి ఒకే ఇంట్లో ఉన్నాను."

"నానే సెప్పలేదు. నువ్వేటి సేస్తావు. లే గుంటా, లే" అంది దాలమ్మ, కోడలి జుట్టు నిమురుతూ. "ముందా పిల్ల ఇంటికి మంచి కందిపొడి, కాస్త నెయ్యి పంపించాలి."

మర్నాడు పొద్దున దాలమ్మ వాకిట్లో ముగ్గు వేయడానికి వంగింది. మాలతి వెనకే వచ్చింది.

"అత్తమ్మా, మావయ్య గీసిన బొమ్మలు ఆ కంప్యూటర్‌తోనే పోయాయి. మీరు గియ్యండి. కందికాయ, కరివేపాకు, వెల్లుల్లి."

"నాకు బొమ్మలెక్కడొచ్చునే?"

"రోజూ వేస్తున్నదేంటి మరి?"

దాలమ్మ కాసేపు నేలని చూసింది. వేళ్ళ మధ్య నుంచి పిండి సన్నగా జారింది. కందికాయ గింజలతో సహా వచ్చింది. కరివేపాకు రెమ్మ గాలికి వంగినట్టు వచ్చింది. వెల్లుల్లి అచ్చం వెల్లుల్లిలాగే వచ్చింది.

"నేనూ అలాగే గీసినాను" అన్నాడు పరదేశి గుమ్మంలో నుంచి.

"అవును, వాసనొక్కటే తక్కువ" అంది దాలమ్మ.

మాలతి ఫోన్‌తో ముగ్గులని ఫొటో తీసి, లేబుళ్ళలోకి ఎక్కించింది. తర్వాత ల్యాప్‌టాప్ ముందు కుర్చీ లాగి అత్తగారిని కూర్చోబెట్టింది. తారీఖు ఎక్కడ మార్చాలో, ప్రింటుకి ఏది నొక్కాలో ఆవిడ వేలు పట్టుకుని చూపించింది. ప్రింటర్ నుంచి మొదటి లేబుల్ బయటికొచ్చింది.

దాలమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. పేరు చూసుకుంది, బొమ్మ చూసుకుంది. బొమ్మ కింద ఉన్న చిన్న అక్షరాల దగ్గర వేలు ఆగింది.

"ఇదేటి?" అంది మెల్లగా.

డ్యూటీకి బయల్దేరుతున్న శివాజీ చెప్పులు విడిచి వెనక్కి వచ్చాడు. తల్లి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, మొదటి అక్షరం మీద తన వేలు కూడా పెట్టాడు.

"కం" అన్నాడు.

"కం" అంది దాలమ్మ, లోపల్లోపల.

"గట్టిగా చదవమ్మా" అన్నాడు శివాజీ.