సబ్బుపెట్టె కిటికీ

"నేను ఆ బడికి రాను! రాను గాక రాను!"

పొద్దున ఏడున్నరకి ఎనిమిదేళ్ల పిచ్చుక భోజనాల బల్ల కిందకి దూరి పెట్టిన కేక అది. ఆ పిల్ల తల్లిని వీధంతా టీచరమ్మ అంటారు. టీచరమ్మ పరుగున వచ్చి, ముందు వీధివైపు కిటికీ మూసి, తర్వాత కూతురి వైపు తిరిగింది. ఆ ఇంట్లో ఏ కష్టమొచ్చినా వరుస అదే... ముందు కిటికీలు, తర్వాత కన్నీళ్లు!

భర్త పేపరు పేజీ తిప్పాడు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆయన తిప్పిన ప్రతి పేజీ వెనకా ఒక గొడవ ఉంది.

"ఏమైందే తల్లీ! ఇవాళేగా కొత్త బడి మీటింగు... అందరూ వస్తారు... నువ్వు రాకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను!"

"బల్ల మీద పెట్టెలో పెట్టుకో!" అంది పిచ్చుక.

బల్ల మీది అట్టపెట్టె నిన్న సాయంత్రం ప్రెస్సు నుంచి వచ్చింది. పిచ్చుక దాన్ని విప్పేసింది. లోపల రెండు వందల అట్టముక్కలు. ఒక్కోదాని మధ్యలో సన్నటి కిటికీ. పుస్తకం మీద పెట్టి జరిపితే ఒక్క లైనే కనిపిస్తుంది, మిగతావి అడ్డుపడవు.

టీచరమ్మ గబుక్కున పెట్టె మూత వేసింది.

ఆ బడి ఆమె రెండేళ్ల కష్టం. మెట్లు లేవు, అందరికీ ఒకే వాలు దారి. పాఠం వినొచ్చు, చూడొచ్చు, చేత్తో తడమొచ్చు. జవాబు రాయలేని పిల్ల చెప్పొచ్చు, చెప్పలేని పిల్ల గీసి చూపొచ్చు. గోల పడని పిల్లలకి మెత్తటి చాప వేసిన ఓ మూల. "పిల్లల్ని బడికి సరిపడేలా కత్తిరించకండి, బడినే పిల్లల కొలతకి కుట్టండి!" అని ఆమె బడి కమిటీలో అంటే పెద్దపెద్ద వాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అదే మనిషి ఇంటికొచ్చి, గడియ పెట్టి, కూతురితో తప్పు రాసిన ప్రతి మాటా ఇరవైసార్లు రాయించేది!

పిచ్చుక గోడ గడియారం మొత్తం ఊడదీసి ఒక్క మర మిగలకుండా బిగించగలదు. అక్షరాలు మాత్రం దాని కళ్ల ముందు నిలబడవు, పై లైను కింది లైనులోకి దిగిపోతుంది. అందుకే పోయినేడు తనే ఓ ఖాళీ సబ్బుపెట్టె కత్తిరించి, కిటికీ చేసుకుని, మొదటిసారి ఓ పేజీ పూర్తిగా చదివింది. సరిగ్గా అప్పుడే ఎదురింటావిడ వచ్చింది. "నలుగురూ చూస్తే ఏమనుకుంటారే!" అని టీచరమ్మ దాన్ని లాక్కుని, రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేసింది. వారం తిరక్కుండా కమిటీలో అదే ఆలోచన చెప్పింది. చప్పట్లు మోగాయి. ఎక్కడిదండీ ఇది అని అడిగితే, "నాకే తోచింది" అంది...

"ఇవి మంచి పిల్లలకా అమ్మా?" బల్ల కింద నుంచి అడిగింది పిచ్చుక. "నేను చేస్తే చింపేశావుగా..."

టీచరమ్మ ఏమని చెబుతుంది! బడి ఫారంలో 'మీ పిల్ల గురించి మాకు చెప్పాల్సింది ఏమైనా ఉందా?' అన్న ప్రశ్న పెట్టింది తనే. పిచ్చుక ఫారంలో దాని కింద 'ఏమీ లేదు' అని రాసిందీ తనే!

అత్తగారు అప్పటిదాకా బల్ల మీది అట్టముక్కల్ని చూస్తూ నిమ్మకి నీరెత్తినట్టు కూర్చుంది. ఆవిడ చెవి మిషను రుమాల్లో చుట్టి బీరువాలో ఉంటుంది. పెట్టుకుంటే చెవుడని తెలిసిపోతుందట. పెట్టుకోకపోవడం వల్ల ఆవిడ అరిచే అరుపులకి నాలుగు వీధులకి తెలిసిపోయింది, అది వేరే సంగతి.

"నా మిషను బీరువాలో, దాని అట్ట చెత్తబుట్టలో!" అంది అత్తగారు. "మన పరువు ఎంత భద్రంగా ఉందో చూశావా కోడలా! పదవే పిచ్చుకా, నాకోసం రా. మీ అమ్మ ఏం చెబుతుందో విందాం."

మీటింగు హాలు నిండిపోయింది. హెడ్‌మిస్ట్రెస్ ఓ అట్టముక్క పైకెత్తి, "దీన్ని కనిపెట్టింది మన టీచరమ్మే!" అంది. ముందు వరసలో ఎదురింటావిడ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. చివరి వరసలో పిచ్చుక తల వంచుకుని గచ్చు మీద పలకలు లెక్కపెడుతోంది. ఆ వంగిన మెడ చూడగానే ఆ చప్పట్లు చెంపదెబ్బల్లా తగిలాయి ఆ తల్లికి!

ఆమె లేచింది. "అది... నేను కాదు... మా అమ్మాయి..."

"వినపడలేదు!" వెనక నుంచి అత్తగారు. "గట్టిగా చెప్పు!"

తలలన్నీ తిరిగాయి. ఆవిడ బీరువాలోంచి వెంట తెచ్చుకున్న రుమాలు విప్పి, అందరూ చూస్తుండగా మిషను చెవిలో పెట్టుకుంది. "ఊఁ... ఇప్పుడు చెప్పమ్మా."

ఇక కట్ట తెగింది. "మా అమ్మాయే చేసింది! సబ్బుపెట్టెతో! దానికి చదవడం కష్టం... నాకు ఒప్పుకోవడం కష్టం! ఫారంలో అబద్ధం రాశాను. అది చేసుకున్న కిటికీని నా చేతులతో చింపి, ఆ ఆలోచన నాదని ఇక్కడికి తెచ్చాను... అందరి పిల్లల కొలతకీ బడి కుట్టాను కానీ, నా పిల్లని మాత్రం కత్తిరిస్తూనే ఉన్నాను!"

భర్త చేతిలో పేపరు లేదు. అందుకని ఆయన కన్నీళ్లకి దాక్కోడానికి చోటు దొరకలేదు. ఎదురింటావిడ కొంగు సర్దుకుని, "మావాడికి కూడా ఒకటిస్తారా... వాడికీ అంతే... ఎవరికీ చెప్పలేదు," అంది నెమ్మదిగా.

హాలు ఖాళీ అయ్యాక టీచరమ్మ కొత్త ఫారం నింపి, కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "నన్ను క్షమించావా తల్లీ?"

పిచ్చుక ఆలోచించింది. "తెలీదు. బడికి మాత్రం వస్తా."

"ఇదిగో, కొత్త కిటికీ..."

"అవి జారిపోతాయి." గౌను జేబులోంచి సబ్బుపెట్టె ముక్క తీసింది. చెత్తబుట్టలోంచి ఏరుకుని, మధ్యలో టేపు వేసి అతికించుకుంది. ఏడాదిగా దాచుకుంది! ఫారం మీద పెట్టి వేలితో జరుపుతూ, కూడబలుక్కుని చదవసాగింది.

"మా... పాప... నెమ్మదిగా... చదువుతుంది. మా అందరికంటే... ముందు... ఆలోచిస్తుంది."

అతుకు అడ్డొచ్చిన చోట ఒక్క క్షణం ఆగింది. తల్లి కూడా ఆగింది... కానీ ఈసారి మాట అందించలేదు, తొందరపెట్టలేదు. పిచ్చుక తనంతట తనే కిటికీని తర్వాతి లైనుకి జరిపింది.