ఈశ్వరి లాట్లకే ఎరుపెందుకు?

సోమవారం మీటింగులో చార్టు తెర మీద పడగానే ఈశ్వరి పళ్లు కొరికింది. పక్క షిఫ్టు కడ్డీలన్నీ ఆకుపచ్చ. తనవన్నీ ఎరుపు. వరసగా మూడో వారం.

"ఇంకో వారం ఇలాగే ఉంటే నిన్ను ప్యాకింగుకి మార్చీడమేనమ్మా," అన్నాడు మేనేజరు ఎల్లారావు.

వైజాగ్ ఫిషింగ్ హార్బరు దగ్గర రొయ్యల ఎగుమతి కంపెనీ అది. పొద్దుటి షిఫ్టు సూపర్‌వైజరు ఈశ్వరి. రొయ్యలు లాట్లుగా, అంటే విడత విడతగా, దిగగానే ఐసులో పెట్టించి, థర్మామీటరు గుచ్చి, అంకె రాసి పంపుతుంది. వాటిని కంప్యూటరులో ఎక్కించి రంగులేసేవాడు దుర్గారావు. పద్మనాభం అనే ఊళ్లో రైతుల ఇంటి అబ్బాయి, రోజూ బస్సులో వస్తాడు. అది 2005. ఆఫీసులో ఎక్సెల్ బాగా తెలిసినవాడు అతనొక్కడే.

పైగా రోజుకి మూడుసార్లు వానలో తడుస్తూ ఐసు షెడ్డుకొచ్చి, తన వైపు చూసి పోతాడు. తప్పు పట్టడానికి కాకపోతే ఇంకెందుకు?

మర్నాడు భోజనాల వేళ ఈశ్వరి అతని కంప్యూటరు ముందు కూర్చుంది. కంచరపాలెంలో నేర్చిన మూడు నెలల కోర్సు అక్కరకొచ్చింది. అంకెని బట్టి గడికి రంగేసే కండిషనల్ ఫార్మాటింగ్ తెరిచింది: నాలుగు డిగ్రీలు దాటితే ఎరుపు. పట్టికలో పక్క షిఫ్టువి మూడు లోపే, తన లాట్లు మూడున్నర, మూడు ముప్పావు. అన్నీ ఆకుపచ్చే. మరి చార్టులో ఎరుపేమిటి?

"ఏటండీ, నా సీట్లో?" వెనక దుర్గారావు.

"పట్టికలో ఒక రంగు, చార్టులో ఒక రంగు! సేత్తో పూసినావా?"

అతను వంగి చూశాడు. ముఖం పాలిపోయింది. "పట్టిక రంగు చార్టుకి రాదండీ. దానికి రంగులు విడదీసే వేరే కాలమ్‌లు రాసినాను. మూడు వారాల కిందట కంపెనీ హద్దు మూడు నుంచి నాలుగు చేసినప్పుడు, ఇక్కడ మార్చి అక్కడ మరిచిపోయాను."

"నమ్మను. మేనేజరుకి సెప్పు."

"పదండి."

నిజంగానే చెప్పాడు. చీవాట్లు తిన్నాడు. మూడు వారాల చార్టులూ సరిచేసి, పాతవి పారేసి, నోటీసు బోర్డుకి కొత్తవి అంటించాడు.

ఈశ్వరికి అనుమానం ఇంకా పెరిగింది. సాయంత్రం గేటు దగ్గర చినుకుల్లో నిలదీసింది. "ఇంత మంచితనమేటి? ఇంకా ఏటి దాస్తన్నావ్?"

"అంకెలు ఫోన్లో అడగొచ్చు. షెడ్డుకొచ్చింది మిమ్మల్ని సూడ్డానికి. మా అమ్మకీ సెప్పినాను."

"అబద్ధం. మేం సేపలోళ్లం. రైతు ఇంట్లో ఒప్పుకుంటారేటి?"

అతనేదో అనేలోపే బస్సెక్కేసింది.

నిజమేదో తేల్చుకుందామని ఆదివారం ఎవరికీ చెప్పకుండా పద్మనాభం వెళ్లి, అడిగి అడిగి ఆ ఇల్లు పట్టుకుంది. తలుపు తీసిన దుర్గారావు తల్లి అసిరమ్మ ఎగాదిగా చూసింది.

"ఈశ్వరివి గదా? గెడ్డం మీద పుట్టుమచ్చ అన్నాడు మావోడు."

ఈశ్వరి గడప దాటలేదు. "మాది సేపలోళ్ల ఇల్లని సెప్పినాడా అండీ?"

"సెప్పినాడు. వారం రోజులు ఆడితో మాటాడలేదు నాను. ఆడేమో అన్నం మానేసినాడు. కన్నదాన్ని, ఏటి సేత్తాను? రా, కూకో." చెంబుతో నీళ్లిచ్చి, మంచం మీద పక్కనే చతికిలబడింది. గొంతు తగ్గించింది. "నాకొకటే అనుమానమమ్మా. మీ నాన్న మా ఇంటికి పిల్లనిస్తాడా?"

ఇన్నాళ్లుగా బిగుసుకున్నదేదో ఈశ్వరిలో వదులైంది. నవ్వొచ్చేసింది.

"నాన్న సంగతి నాను సూసుకుంటాను, అత్తా."

అప్పుడే పొలం నుంచి వచ్చిన దుర్గారావు ఆ చివరి మాట విని, లోపలికి రావడం మరిచిపోయి గుమ్మంలోనే నిలబడిపోయాడు.