బావగారి ప్లాటినం కవర్

వంతెన మీంచి బంగీ జంప్ చేసిన మనిషి కిందికి వెళ్లాడు. తాడు పైకి వచ్చింది. మనిషి రాలేదు.

చుట్టూ నిలబడ్డ టూరిస్టులు చప్పట్లు కొట్టారు. అది కూడా షోలో భాగమే అనుకున్నారు. ఒకావిడైతే ఇంకోసారి చూపించమని అడిగింది.

పోయినవాడు గూఢచార డిపార్ట్‌మెంట్ మనిషి. కొంతకాలంగా ఒక ట్రావెల్ ఇన్సూరెన్స్ కంపెనీ వెనక నీడలా తిరుగుతున్నాడు.

మర్నాడు ఉదయం చీఫ్ తన గదిలో కర్టెన్లు లాగేసి ప్రొజెక్టర్ ఆన్ చేశాడు. ఎదురుగా సర్వేయర్ కూర్చున్నాడు. సర్వేయర్ అన్నది డిపార్ట్‌మెంట్ అతనికి తొడిగిన ముసుగు. లోకం దృష్టిలో అతను ఏళ్ల తరబడి ఇన్సూరెన్స్ సర్వేయర్. కాలిన గోడౌన్లూ, మునిగిన లారీలూ చూసి రిపోర్టులు రాసే మనిషి. ఆ పని అతనికి ఎంత వంటబట్టిందంటే, ఎవరైనా ఏడుస్తుంటే ముందు అబద్ధమేమోనని చూస్తాడు.

"ఇద్దరు," అన్నాడు చీఫ్. తెర మీద రెండు ఫొటోలు. "ఒకాయన మిసైల్ ఇంజనీర్. ఇంకొకాయన శాటిలైట్ మనిషి. సెలవులకి వెళ్లారు. ఒకాయన రాఫ్టింగ్‌లో దెబ్బ తిన్నాడు, ఒకాయన స్కీయింగ్‌లో. ఇద్దరూ పోయారన్నారు. బూడిద మాత్రం ఇంటికి వచ్చింది."

"ఇద్దరిదీ ఒకే ఇన్సూరెన్స్ కంపెనీనా?"

"ఒకే కంపెనీ. వెనక ఉన్నది విదేశీ ముఠా. పాలసీ పేరుతో మనవాళ్ల ట్రావెల్ ప్లాన్ తెలుసుకుని, తాళ్లూ పడవలూ పాడుచేసి చంపుతున్నారని మా అంచనా. ఇక మూడో మనిషి."

తెర మీద ఫొటో మారింది. నల్ల కళ్లద్దాలు, లోపలికి లాక్కున్న పొట్ట, పైకెత్తిన బొటనవేలు.

"మా బావ!"

"మీ బావే. నేవీ రాడార్ కోడ్ మొత్తం ఆయన బుర్రలో ఉంది."

"ఆ బుర్రలోనా సార్?"

"దేశం దురదృష్టం," అన్నాడు చీఫ్. "నిన్న ప్లాటినం ప్లాన్ తీసుకున్నాడు. పారాగ్లైడింగ్, స్కూబా, రాఫ్టింగ్, గుర్రపు స్వారీ... అన్నిటికీ ఫుల్ కవర్. నువ్వు బామ్మర్దివి. పక్కనే తిరిగినా ఎవరికీ అనుమానం రాదు. లోపల మన మనిషి ఒకావిడ ఉంది. పాలసీలు అమ్మేది ఆవిడే. మేడమ్ ప్లాటినం అంటారు. 'గాలి ఎటు వీస్తోంది' అని అడుగు. 'జీతం వచ్చే వైపు' అని జవాబు చెబుతుంది."

"ఈ కోడ్ ఎవరు రాశారు సార్?"

"ఆవిడే."

సర్వేయర్ బల్ల మీదున్న చొక్కా గుండీ సైజు ట్రాన్స్‌మిటర్ జేబులో వేసుకుని లేచాడు.

*

రిసార్ట్ లాబీలో అతని అక్క సోఫాలో కూర్చుని బావ బూట్ల లేసులు విప్పుతోంది. బావే కట్టుకున్నాడు. ఆ ముడులు విప్పడం ఆయన వల్ల కాలేదు.

"రావయ్యా బామ్మర్దీ! నువ్వు కూడా ఎగురుతావా, లేక కింద నిలబడి ఎవరికి దెబ్బ తగుల్తుందా అని రాసుకుంటావా?"

"రాసుకుంటాను బావా. ముందు నీతోనే మొదలుపెడతా."

"ఏడిశావ్. మీ ఇన్సూరెన్సోళ్లు మనిషి మెట్టెక్కితే కవర్ లేదంటారు, ఎక్కకపోతే ప్రీమియం వెనక్కి రాదంటారు. వీళ్లని చూసి నేర్చుకో. ఏదడిగినా యెస్ అన్నారు. నన్ను చూడగానే ఆ మేడమ్ ఏమందో తెలుసా? అథ్లెట్‌లా ఉన్నారంది."

"ఏ ఆటకి?" అంది అక్క, ముడి వైపే చూస్తూ.

అప్పుడే మేడమ్ ప్లాటినం లోపలికి వచ్చింది. ఎర్ర కోటు, ఎత్తు మడమలు, నాలుగడుగుల ముందే చేరే సెంటు. బావ పొట్ట మళ్లీ లోపలికి పోయింది.

సర్వేయర్ ఆవిడ పక్కనుంచి నడుస్తూ అన్నాడు. "గాలి ఎటు వీస్తోంది?"

"జీతం వచ్చే వైపు." ఆవిడ బ్రోచర్ అందిస్తున్నట్టు వంగింది. "తాళ్లు. పారాగ్లైడర్ తాళ్లు కోసి పెట్టారు. వాటి మీంచి కళ్లు తిప్పకండి."

చెప్పేసి నవ్వుకుంటూ బావ వైపు వెళ్లింది. ఆ నవ్వుని సర్వేయర్ ఒకసారి తూచి చూశాడు. కాలిన గోడౌన్ ఓనర్లు కూడా అచ్చం అలాగే నవ్వుతారు.

*

కొండ మీద గాలి విసురుగా ఉంది. సెలవులకొచ్చిన జనం వరసలో నిలబడ్డారు. ఆఫీసు కుర్చీలోంచి లేస్తే నడుం పట్టేసే మనుషులు, కొండ అంచు నుంచి దూకడానికి డబ్బు కట్టి మరీ ఎదురుచూస్తున్నారు. సర్వేయర్ వాళ్లని జాలిగా కూడా చూడలేదు.

బావ పారాగ్లైడర్‌ని అతను పైనుంచి కింద దాకా తడిమాడు. ప్రతి తాడూ, ప్రతి ముడీ, ప్రతి కొక్కెం. అన్నీ బాగానే ఉన్నాయి. అయినా రెండోసారి చూశాడు. బావ హెల్మెట్ లోపల ట్రాన్స్‌మిటర్ అంటించాడు.

"పెళ్లిచూపుల్లో కూడా నన్నింతగా చూడలేదురా మీ ఇంట్లో," అన్నాడు బావ.

"చూసుంటే ఈ గొడవే ఉండేది కాదు."

అక్క తమ్ముణ్ని పక్కకి లాగింది. ఆవిడకి తమ్ముడి అసలు ఉద్యోగం తెలీదు. అతని మొహం చదవడం మాత్రం తెలుసు.

"ఏదో ఉంది కదా?"

"ఏం లేదక్కా."

"నాకు అబద్ధం చెప్పకు. ఆయన దద్దమ్మే. కానీ నా దద్దమ్మ. తిట్టుకోడానికైనా నాకు ఆయన కావాలి. వెనక్కి తెచ్చివ్వు, అంతే."

బావ గాల్లోకి లేచాడు. వెనక కట్టుకుని కూర్చున్న పైలట్ మెల్లగా తిప్పుతున్నాడు. సర్వేయర్ బైనాక్యులర్స్ తాళ్ల మీదే ఉన్నాయి. ఏ తాడూ తెగలేదు. రంగుల గొడుగు లోయలో చెట్ల వెనక దిగిపోయింది. చేతిలోని చిన్న తెర మీద ఎర్ర చుక్క కదలకుండా వెలుగుతోంది. బావ దిగి, కూర్చుని, తన వీరగాథ ఎవరికో చెబుతున్నాడన్నమాట.

చుక్క అలాగే ఉంది. ఎంతసేపటికీ బావ పైకి రాలేదు. అక్క కూడా కనపడలేదు.

సర్వేయర్ ముళ్లపొదల్లోంచి పరుగున లోయలోకి దిగాడు. గడ్డిలో హెల్మెట్ ఒక్కటే బోర్లా పడుంది. డిపార్ట్‌మెంట్ గొప్పగా తయారుచేసిన పరికరం ఆ ఖాళీ హెల్మెట్‌ని చాలా జాగ్రత్తగా కాపలా కాస్తోంది.

ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్ తమ్ముడూ, ఎక్కడున్నావ్? మీ బావ దిగేటప్పుడు కాలు విరిగిందిట. పైలట్ అక్కడికక్కడే నొప్పికి ఇంజక్షన్ ఇచ్చాడట. నన్ను కారెక్కించి ఎయిర్‌పోర్ట్‌కి తెచ్చారు. ఎంత మంచి కంపెనీరా! ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఫోన్ చేసిన నిమిషంలో ఎయిర్ అంబులెన్స్ శాంక్షన్ చేశారు. పై దేశంలో ఆపరేషన్. నన్ను తర్వాతి ఫ్లైట్‌లో పంపుతారట."

సర్వేయర్ ఫోన్ జేబులో పడేసి రోడ్డు వైపు పరుగెత్తాడు.

ప్రశ్నలు వెయ్యని ఇన్సూరెన్స్ కంపెనీ! తాగి ఉన్నాడా, హెల్మెట్ పెట్టుకున్నాడా, పైలట్‌కి లైసెన్సుందా, పాత నొప్పి కాదు కదా... ఇవేవీ అడక్కుండా విమానం పంపిన కంపెనీని తన సర్వీసులో ఎప్పుడూ చూళ్లేదు. ముఠా అన్నీ నేర్చుకుంది, బ్రోచర్ దగ్గర్నుంచి రబ్బరు స్టాంపు దాకా. కాదనడం మాత్రం నేర్చుకోలేదు.

ఇప్పుడంతా అర్థమైంది. ఆ ఇద్దరు మేధావుల్నీ చంపలేదు. ఎత్తుకుపోయారు. మత్తిచ్చిన మనిషి స్ట్రెచర్ మీదుంటే ఏ సరిహద్దులోనూ ఎవడూ ఆపడు. పైగా దారి ఇచ్చి, త్వరగా కోలుకోవాలని కోరుకుంటారు. వచ్చిన బూడిద ఏ పొయ్యిలోదో.

తాళ్లు చూడమన్నదెవరు? మేడమ్ ప్లాటినం. అతను తాళ్లే చూస్తూ కూర్చున్నాడు. తన మీద తనకే రోత పుట్టింది.

*

"ఆపడం కష్టం," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "విమానం అద్దెకి తీసుకున్నది. సిబ్బంది మంచివాళ్లే, వాళ్లకేం తెలీదు. కాగితాలు పక్కాగా ఉన్నాయి. పేషెంట్ విమానాన్ని టవర్ వాళ్లు ఊరికే ఆపరు. మనవాళ్లు బయల్దేరారు. ఈలోగా నువ్వు ఆపాలి."

"తుపాకీ తీయనా?"

"ముందు మీ బావ పక్కన కూర్చున్న డాక్టర్ చేతిలో ఏముందో చూడు."

మెరిసే పచ్చ జాకెట్, చెవులకి పెద్ద మఫ్‌లు, చేతిలో విమానాలకి దారి చూపే రెండు నారింజ కర్రలు. ఎయిర్‌పోర్ట్ సిబ్బంది గదిలో కొక్కేనికి వేలాడుతున్న ఆ వేషం వేసుకుని సర్వేయర్ దర్జాగా రన్‌వే పక్కనుంచి నడిచాడు. చిన్న తెల్ల విమానం ఇంజన్లు అప్పటికే హోరెత్తుతున్నాయి. మడుస్తున్న మెట్ల మీద కాలేసి లోపలికి దూరాడు.

లోపల బావ స్ట్రెచర్ మీద నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. కుడికాలికి తొడ దాకా సిమెంటు కట్టు. నున్నగా, తెల్లగా, షోకేసులో బొమ్మలా ఉంది. పక్కనే ముఠా నాయకుడు డాక్టర్ కోటులో కూర్చున్నాడు. వాడి బొటనవేలు సిరంజి మీదుంది. సిరంజి సూది బావ సెలైన్ గొట్టంలో ఉంది. ఎదురుసీట్లో మేడమ్ ప్లాటినం. ఆవిడ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్ లోపలుంది. బ్యాగ్ మూతి సర్వేయర్ వైపు తిరిగింది.

ముగ్గురికీ ముగ్గురూ ఎవరో తెలుసు. తెలియనిది కాక్‌పిట్‌లోంచి తల తిప్పిన కెప్టెన్‌కే.

"ఎవరయ్యా నువ్వు? దిగు దిగు!"

సర్వేయర్ మఫ్‌లు తీశాడు. "పేషెంట్ బామ్మర్దినండీ. ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని కూడా. మీతో ఒక్కమాట."

"టైం లేదు," అన్నాడు డాక్టర్. బొటనవేలు సిరంజిని వెంట్రుకవాసి నొక్కింది. "ఈయన ఆరోగ్యం చాలా సున్నితంగా ఉంది. మీరేదైనా హడావిడి చేస్తే, ప్రాణానికే ప్రమాదం. అర్థమైందా?"

"అర్థమైంది డాక్టర్‌గారూ. నా బెంగ ప్రాణం గురించి కాదు, కాలు గురించి." అతను కెప్టెన్ వైపు తిరిగాడు. "ఈ కట్టు ఇవాళే వేశారండీ. ఇంకా తడిగా ఉంది. ఎక్కడా చీల్చలేదు. ఇలాగే ఎగరొచ్చా?"

కెప్టెన్ బెల్టు విప్పుకుని వెనక్కి వచ్చాడు. కట్టు మీద వేలు నొక్కి చూశాడు. మొహం మాడిపోయింది.

"ఎవరండీ వేసిందీ? కొత్త కట్టుని నిలువునా చీల్చకుండా విమానమెక్కిస్తారా? పైకెళ్లాక కాలు వాస్తుంది. లోపల నెత్తురాగిపోతుంది. దిగేసరికి కాలు తీసెయ్యాల్సొస్తుంది. ఈ మాత్రం తెలీదా?"

తెలియకేం. నిజంగా విరిగిన కాలైతే ఎవడైనా ఆలోచించేవాడు. లోపల నిక్షేపంలాంటి కాలుంది కాబట్టి, వీళ్లు కట్టుని అందం కోసం వేశారు.

"నేను స్పెషలిస్ట్‌ని," అన్నాడు డాక్టర్. "పూచీ నాది."

"విమానం నాది. రంపం ఆ పెట్టెలో ఉంది. కోస్తే ఎగురుతాను, లేకపోతే ఇంజన్లు ఆపేస్తాను."

డాక్టర్ నుదుటి మీద చెమట. రంపం పట్టాలంటే రెండు చేతులు కావాలి. వాడు మేడమ్ వైపు చూశాడు.

"నువ్వు కొయ్."

"నాకేం వచ్చు? గోళ్లు విరుగుతాయి."

"అయితే ఇది పట్టుకో!"

ఆవిడ విసుగ్గా బ్యాగ్‌లోంచి చెయ్యి బయటికి తీసింది. సిరంజి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతోంది.

అదే క్షణం.

సర్వేయర్ సెలైన్ గొట్టం లాగేశాడు. డాక్టర్ కసిగా సిరంజి అంతా నొక్కాడు. మందు గొట్టం చివర్నుంచి ధారగా వాడి మెరిసే బూటు మీదే పడింది. మరుక్షణం నారింజ కర్ర వాడి మణికట్టు మీద దిగింది. రెండోది మోకాలి చిప్ప మీద. వాడు పెద్దగా అరిచి కూలబడ్డాడు. ఇద్దరు మహా మేధావుల్ని మాయం చేసిన నాయకుడు, "అమ్మో, కాలు, కాలు!" అని ఏడ్చాడు.

"ఇది మాత్రం నిజంగా విరిగింది," అన్నాడు సర్వేయర్ కెప్టెన్‌తో.

వెనక సేఫ్టీ లాక్ తీసిన చప్పుడు. మేడమ్ ప్లాటినం చేతిలో చిన్న పిస్టల్. కిటికీలోంచి డిపార్ట్‌మెంట్ కార్లు రన్‌వే మీదికి దూసుకొస్తూ కనిపించాయి. ఆవిడ కూడా చూసింది. ఒక్క క్షణం లెక్కేసుకుంది. పిస్టల్ మెల్లగా తిరిగి డాక్టర్ నెత్తికి గురిపెట్టింది.

"కదలకు!" అంది గంభీరంగా. "సర్వేయర్‌గారూ, నేను మొదట్నుంచీ మన వైపే."

"మన అంటే ఇవాళ ఎవరు?" అతను పిస్టల్ లాక్కున్నాడు. "అబద్ధమైనా కాస్త కష్టపడి చెప్పాలమ్మా. మా గోడౌన్ల వాళ్లు నయం, ముందు అగ్గిపుల్లైనా గీస్తారు. ఆ ఇద్దర్నీ ఎక్కడ దాచారో ఆ కార్లో వాళ్లకి చెప్పు. త్వరగా చెప్తే ఎవరి వైపో వాళ్లే రాసిపెడతారు."

ఆవిడ కారు చేరకముందే చెప్పడం మొదలుపెట్టింది.

కెప్టెన్ కట్టు కోశాడు. లోపలున్న కాలికి దోమ కుట్టిన గుర్తు కూడా లేదు.

*

"నిజం చెప్పకు," అన్నాడు చీఫ్. "మీ బావకి తెలిస్తే సాయంత్రానికల్లా ప్రపంచానికి తెలుస్తుంది. ఇన్సూరెన్స్ గొడవ వల్ల విమానం ఆగిందని చెప్పు."

ఆస్పత్రి గదిలో బావ దిళ్లకి ఆనుకుని కూర్చున్నాడు. అక్క పక్కన కుర్చీలో ఉంది. ఆవిడ చెయ్యి ఆయన చేతి మీద ఉంది, ఆయనకి తెలియకుండా.

"చూశావా మీ తమ్ముడి నిర్వాకం!" అన్నాడు బావ. "విరిగిన కాలు ఇంజక్షన్‌తో గంటలో అతికించారు ఆ డాక్టర్లు! పై దేశంలో ఫ్రీగా రాజభోగం! కట్టు మీద పేచీ పెట్టి అంతా చెడగొట్టాడు. కుళ్లు! బామ్మర్దికి బావ విమానమెక్కితే కుళ్లు!"

"అది కాదు బావా..."

"మాట్లాడకు. ఇన్సూరెన్స్ బుద్ధి చూపించావు."

అక్క తమ్ముడి వైపు చూసింది. చాలాసేపు చూసింది. అతని మణికట్టు మీది గాటు, మోచేతి దగ్గర చిరిగిన చొక్కా, ఆవిడ ఒక్కటీ వదల్లేదు.

"తెచ్చిచ్చావు," అంది మెల్లగా. తర్వాత గొంతు పెంచింది. "సరే, బావకి సారీ చెప్పరా. లేకపోతే ఇవాళ నన్ను పడుకోనివ్వడు."

సర్వేయర్ పళ్లు బిగించాడు. గొంతు సవరించుకున్నాడు. కిటికీ బయటికి చూశాడు. దూకేందుకు వీలుగా ఏమీ లేదు.

"తప్పయిపోయింది బావా," అన్నాడు.

ఆ రోజు మొత్తంలో అతను చేసిన ప్రమాదకరమైన సాహసం అదే. దానికి కవర్ ఇచ్చే కంపెనీ ఇంకా పుట్టలేదు.